పొట్లంలో కూర కాలదు, మగ్గుతుంది

కొలరాడోలోని రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఒక వేసవి రాత్రి, ఎనిమిదిన్నర దాటాక, రెండు కుటుంబాల వాళ్లం ఒక అల్యూమినియం ఫాయిల్ పొట్లం చుట్టూ నిలబడి ఉన్నాం. లోపల బంగాళదుంపలు, ఉల్లిపాయలు, నూనె, ఉప్పు, ఇంటి నుంచి తెచ్చిన ధనియాల పొడి, కారం. కలిపేటప్పుడే మా వదిన రెండు నిమ్మకాయలు కూడా పిండింది. నలభై నిమిషాలు మంట మీద ఉంచాం. విప్పి చూస్తే అడుగు ముక్కలు బొగ్గయ్యాయి, పై ముక్కలు కొరికితే కరకరలాడాయి. కారానికి పచ్చివాసన పోలేదు. ఒకే పొట్లంలో మాడినదీ పచ్చిదీ పక్కపక్కనే! ఆ రాత్రి పిల్లలు బ్రెడ్డు తిన్నారు, మేం కుక్కర్లో అన్నం పెట్టుకుని ఆవకాయ కలుపుకున్నాం.

అమెరికాలో క్యాంపింగ్ చేసేవారికి ఈ పొట్లాల వంట కొత్త కాదు. స్కౌటు పిల్లలకు తరతరాలుగా నేర్పుతున్న వంట ఇది. ప్రధాన వంటకం గ్రిల్ మీద నేరుగా కాలుతుంటే, నంజుకోవడానికి కావలసిన కూరగాయలను పక్కనే పొట్లంలో పడేస్తారు. గిన్నె తోమే పని లేదు, గ్రిల్ ఊచల సందుల్లోంచి ముక్కలు జారిపోవు. వంటల పుస్తకాల్లో ఇది నాలుగు వరుసల్లో అయిపోయే పని: తరుగు, కలుపు, చుట్టు, గ్రిల్ మీద పెట్టు. ఆ నాలుగు వరుసలనూ మేం తు.చ. తప్పకుండా పాటించాం. అయినా ఇలా జరిగిందంటే ఆ వరుసలు చెప్పని సంగతులు ఏవో ఉన్నాయన్న మాట. ఆ పొట్లం మీద నేను తీరిగ్గా జరిపిన విచారణే ఈ వ్యాసం.

ఒకే పొట్లంలో రెండు పొయ్యిలు

తికమక పేరులోనే మొదలవుతుంది. దీన్ని గ్రిల్ వంట అంటున్నాం కాబట్టి లోపలి ముక్కలు కాలుతున్నాయని అనుకుంటాం. తెలుగు వంటింటికి ఈ విషయంలో మంచి చూపు ఉంది. నిప్పు చేసే పనులకు మనకు వేర్వేరు మాటలున్నాయి. నీళ్లలో అయితే ఉడుకుతుంది. నూనెలో అయితే వేగుతుంది. నిప్పుకు నేరుగా తగిలితే కాలుతుంది. మూత కింద తన నీటితో తానే మెత్తబడితే మగ్గుతుంది. మనం ఏమరితే మాడుతుంది. ఫాయిల్ పొట్లంలో జరిగేది నూటికి తొంభై పాళ్లు మగ్గడమే. ఫాయిల్ ఇక్కడ గిన్నె కన్నా ఎక్కువగా మూత. గ్రిల్ కేవలం పొయ్యి.

ఎందుకంటే కూరగాయల్లో ఉన్నది ఎక్కువగా నీరే. బంగాళదుంప బరువులో దాదాపు ఎనభై శాతం, పుట్టగొడుగులో తొంభై శాతం పైగా, సొరకాయకు విదేశీ చుట్టమైన జుకినిలో తొంభై అయిదు శాతం దాకా నీళ్లే. వేడి తగలగానే ఆ నీరు ఆవిరై పొట్లం నిండా చేరుతుంది. నీరు ఉన్నంతసేపూ అక్కడ ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది. కింద ఎర్రని బొగ్గులు 600 డిగ్రీల మీద కణకణలాడుతున్నా సరే, పైన తడి ముక్కకు అందేది వందే. బ్రెడ్డు అంచుకూ వేపుడు ముక్కకూ ఎర్రటి రంగు, కమ్మటి వాసన తెచ్చే రసాయన చర్య జోరందుకోవాలంటే పైపొర ఉష్ణోగ్రత సుమారు 140 డిగ్రీలు దాటాలి. తడిలో ఉన్న ముక్క అంతదూరం ఎన్నటికీ పోలేదు. పొగ అసలే లోపలికి రాదు. కాబట్టి బాగా మూసిన పొట్లంలోంచి కాల్చిన రుచి ఆశించడం ఇడ్లీ పాత్రలో దోసె పోసి కరకరలాడలేదని బాధపడటం లాంటిది.

అలాగని ఆవిరిని తక్కువ చేయకూడదు. ఒక గ్రాము ఆవిరి ముక్కకు తగిలి మళ్లీ నీరయ్యేటప్పుడు దాదాపు 2,260 జౌళ్ల (జౌలు అంటే వేడికి ఒక కొలత) వేడిని వదిలేస్తుంది. అదే గ్రాము మరిగే నీరు ఒక డిగ్రీ చల్లారితే వచ్చేది నాలుగు జౌళ్లకు కాస్త ఎక్కువ. ఆవిరి ఇంత సమర్థంగా వండేదీ, పొట్లం విప్పేటప్పుడు వేళ్లను ఇంత దారుణంగా కాల్చేదీ ఇందుకే. ముఖానికి దూరంగా ఉన్న వైపు చిన్న చీలిక చేసి, ఒక క్షణం ఆగి విప్పాలి.

మరి మా పొట్లం అడుగు ఎలా మాడింది? ఫాయిల్ చాలా పల్చనిది. అమెరికాలో దొరికే మామూలు రకం మందం సుమారు 16 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మందపు రకం 24 దగ్గర. మనం చపాతీలు చుట్టడానికి కొనేది ఇంకా పల్చన. పైగా అల్యూమినియం వేడిని చకచకా లాగేసే లోహం. కింది నుంచి వచ్చే వేడికి అది దాదాపు అడ్డే కాదు. అడుగున ముక్క ఫాయిల్‌ను అంటుకుని ఉన్న చోట తడి ఆరిపోయిందంటే, అక్కడ వంద డిగ్రీల కట్టుబాటు ఉండదు. ఉష్ణోగ్రత ఒక్కసారిగా రెండు వందలు దాటుతుంది. అంటే పొట్లం అడుగు ఒక పెనం, పై భాగం ఒక ఇడ్లీ పాత్ర. ఒకే పొట్లంలో రెండు పొయ్యిలు నడుస్తున్నాయి. మంట ఎక్కువైతే పెనం గెలుస్తుంది, ఆవిరికి తన పని తాను చేసుకునే వ్యవధి ఉండదు.

మంట కాదు, నిప్పులు

మేం చేసిన మొదటి తప్పు ఇక్కడే ఉంది. ఆకలికి తాళలేక, కట్టెలు భగభగా మండుతుండగానే పొట్లం ఎక్కించాం. మంట నాలుకలు ఒకచోట తగులుతాయి, మరోచోట తగలవు, గాలి మారితే అవీ మారతాయి. కట్టె కాలి, బొగ్గై, పైన బూడిద పొర కట్టాక వచ్చే వేడి నిలకడగా ఉంటుంది. మన పెద్దలు చిలగడదుంపను మంటలో కాక కుమ్ములో పెట్టింది ఇందుకే. బూడిద కప్పిన నిప్పు నెమ్మదిగా, నాలుగు వైపుల నుంచీ వేడినిస్తుంది.

వేడిని కొలవడానికి క్యాంపులో థర్మామీటరు అక్కరలేదు. ఊచలకు జానెడు కన్నా తక్కువ ఎత్తులో అరచేయి ఉంచితే రెండు మూడు లెక్కపెట్టే లోపే తీసేయాల్సి వచ్చిందంటే అది మాంసం కాల్చే వేడి. అయిదారు దాకా ఓర్చుకోగలిగితే అది పొట్లానికి సరైన వేడి. నిప్పులను ఒక పక్కకు నెట్టి, రెండో పక్క పల్చగా ఉంచితే రెండు రకాల పొయ్యి సిద్ధం. మొదట పల్చని వైపు మగ్గబెట్టి, చివరలో చిక్కని వైపుకు జరపవచ్చు.

పొట్లాన్ని నిప్పుల్లోనే పూడ్చవచ్చా? వచ్చు గానీ రెండు పొరలు చుట్టాలి, నిప్పుల మీద బూడిద ఉండాలి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఊది రాజేసిన బొగ్గులు ఆ వేడిని అందుకోగలవు. లోపల తడి ఉన్న చోట ఆ తడే ఫాయిల్‌ను చల్లగా ఉంచి కాపాడుతుంది. ఏమీ తగలని పొడి అంచుల్లోనే మొదట చిల్లులు పడతాయి.

ఇక ఎప్పుడూ వచ్చే ప్రశ్న: మెరిసే వైపు లోపలికా, బయటికా? ఏ వైపైనా ఒకటే. తయారీలో చివరిసారి రోలర్ల మధ్య నడిపేటప్పుడు, మరీ పల్చనై చిరిగిపోకుండా రెండు రేకులను జంటగా పంపుతారు. నున్నని ఉక్కు రోలరుకు తగిలిన వైపు మెరుస్తుంది, రెండో రేకుకు తగిలిన వైపు మసకగా ఉంటుంది. రెండు వైపులూ నిప్పుల నుంచి వచ్చే కాంతి వేడిలో చాలా భాగాన్ని వెనక్కి కొడతాయి, వాటి మధ్య తేడా వంటలో తెలిసేంత ఉండదు. అంటుకోని పూత ఉన్న రకం మాత్రం వేరే సంగతి. పూత ఏ వైపు ఉందో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ వైపు కూర ఉండాలి.

బంగాళదుంప ఎందుకు మొండికేస్తుంది

క్యాంపు పొట్లాల్లో సగం వైఫల్యాలు బంగాళదుంప ఖాతాలోనే పడతాయి. ఇది కాస్త విడమరచి చూడవలసిన విషయం.

దుంప మెత్తబడటం అంటే రెండు పనులు జరగాలి. ఒకటి, పిండి కణాలు నీరు పీల్చి ఉబ్బాలి. ఇది 60, 70 డిగ్రీల మధ్యే జరిగిపోతుంది. రెండోది, కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరగాలి. దీనికి 80 డిగ్రీలు దాటాలి, దాటాక కూడా కొంతసేపు అక్కడే ఉండాలి. ఈ రెండోదే మొండి పని. దాన్ని ఆలస్యం చేసేవి మూడు, ఆ రాత్రి మేం మూడింటినీ పిలిచి కూర్చోబెట్టాం.

మొదటిది ముక్క మందం. వేడి దుంప లోపలికి నెమ్మదిగా ఇంకుతుంది. దాని లెక్క మన అంచనాకు తగినట్టు ఉండదు. ముక్క మందం రెట్టింపైతే నడిమధ్యకు వేడి చేరే సమయం రెట్టింపు కాదు, సుమారు నాలుగు రెట్లు అవుతుంది. చీకట్లో, టార్చిలైటు వెలుగులో, చెక్క బల్ల మీద తరిగిన మా ముక్కల్లో కొన్ని అర అంగుళం, కొన్ని అంగుళం. అంగుళం ముక్క మగ్గేసరికి అర అంగుళం ముక్క ముద్దవుతుంది, అడుగున ఉన్నదైతే బొగ్గవుతుంది. చిప్స్‌కు తరిగినంత పల్చగా అక్కరలేదు గానీ, పావు అంగుళం మందంతో సమానంగా చక్రాలు తరిగితే మైదాన ప్రాంతాల్లో అరగంట లోపే మెత్తబడతాయి. ఓపిక లేకపోతే ఇంట్లోనే సగం ఉడికించి, చల్లార్చి, మంచు పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్లడం ఉత్తమం. ఇందులో నామోషీ ఏమీ లేదు.

రెండోది పులుపు. పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. ఈ సంగతి మన వంటింటికి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. పులుసు పెట్టే ప్రతి ఇల్లాలికీ, పెట్టే ప్రతి మగవాడికీ తెలుసు: ముక్క ఉడికాకే చింతపండు రసం పోయాలి, ముందే పోస్తే ముక్క బిర్రబిగుస్తుంది. ఈ తెలివిని పొయ్యి దగ్గర ఇన్నాళ్లు పాటించి, అడవిలోకి వెళ్లగానే మరిచిపోయాం. పొట్లం కొత్త వస్తువు కాబట్టి పాత సూత్రాలు దానికి వర్తించవని ఎందుకో అనిపిస్తుంది. నిమ్మరసం, టమాటా, పెరుగు, వెనిగర్ ఏదైనా సరే, దుంప మగ్గాకే దాని దగ్గరికి రావాలి.

మూడోది ఎత్తు. దీన్ని మేం అసలు ఊహించలేదు. మేం దిగిన మొరెయిన్ పార్కు క్యాంపుగ్రౌండు సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉంది, అంటే ఊటీ కన్నా ఎత్తు. దాదాపు ప్రతి 300 మీటర్లకూ నీరు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. అక్కడ నీరు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. కింద ఎన్ని నిప్పులు పోసినా పొట్లంలోని ఆవిరి అంతకు మించి వేడెక్కదు. ఎనిమిది డిగ్రీలే కదా అనిపిస్తుంది. కానీ పెక్టిన్ కరగడం మొదలయ్యేదే 80 దాటాక కాబట్టి, మనకు ఉన్న ఇరవై డిగ్రీల మార్జిన్‌లో ఎనిమిది పోయాయి. ఇంట్లో అరగంటకు మెత్తబడే ముక్కకు అక్కడ ఆ అరగంట ఏ మూలకూ చాలదు. మా అన్నం వేళకు ఉడికిందంటే అది కుక్కర్ చలవ. కుక్కర్ ఆవిరిని బిగించి, ఒత్తిడి పెంచి, ఉష్ణోగ్రతను 120 డిగ్రీల దాకా తీసుకెళుతుంది. ఫాయిల్‌కు ఆ శక్తి లేదు. ఎంత గట్టిగా మడిచినా మడతల సందుల్లోంచి ఆవిరి దారి చూసుకుంటుంది. పొట్లం బూరెలా ఉబ్బితే ముక్క ఉడికిందని కొందరు లెక్క. ఉబ్బడం నీరు మరుగుతోందనడానికి గుర్తు మాత్రమే. ఫాయిల్ మీది నుంచే ఒక పుల్ల గుచ్చి చూడటం తప్ప వేరే దారి లేదు.

ఏది పొట్లంలోకి, ఏది నేరుగా నిప్పుల మీదికి

ఇక్కడ నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. క్యాంపుల్లో ఫాయిల్ అవసరం లేని వాటికి కూడా ఫాయిల్ చుడుతున్నారు. కొన్ని కూరగాయలు తమ పొట్లాన్ని తామే తెచ్చుకుంటాయి. వంకాయ తోలు, మొక్కజొన్న పొత్తు మీది ఆకులు, ఉల్లిపాయ పొరలు, చిలగడదుంప తొక్క చేసే పని ఫాయిల్ పనే. పైన మాడినా లోపల మగ్గుతుంది, మాడిన పొర తీసేస్తాం. పైగా ఆ మాడిన పొర నుంచి పొగ వాసన లోపలికి ఇంకుతుంది. కాల్చిన వంకాయ పచ్చడిలో ఉన్నదంతా ఆ వాసనే కదా! వంకాయను ఫాయిల్‌లో చుట్టి గ్రిల్ మీద పెడితే మిగిలేది ఉడికిన వంకాయ గుజ్జు. మొక్కజొన్న సంగతీ అంతే. రోడ్డు పక్కన బండి మీద విసనకర్రతో నిప్పులు విసురుతూ కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది ఇచ్చే పొత్తు రుచి తెలిసిన వాళ్లు దాన్ని ఫాయిల్‌లో పెట్టరు. పెడితే అది ఉడికించిన పొత్తే, గ్రిల్ మీద ఉడికించామన్న తృప్తి తప్ప.

పొట్లానికి తగినవి వేరే ఉన్నాయి. చిన్న ముక్కలుగా ఊచల సందుల్లోంచి జారిపోయేవి, తొక్క లేనివి, తమ రసంలో తాము మగ్గితేనే బాగుండేవి. బీన్సు, క్యారెట్, పుట్టగొడుగులు, కాలీఫ్లవర్, క్యాబేజీ, గుమ్మడి, చక్రాలుగా తరిగిన బంగాళదుంప. పుట్టగొడుగులకు పది పన్నెండు నిమిషాలు చాలు, బీన్సుకు పదిహేను ఇరవై, క్యారెట్‌కు ఇంకొంచెం. వీటిని ఒకే పొట్లంలో కలిపేస్తే ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది. వేరు వేరు పొట్లాలు కట్టి, విస్తట్లో కలుపుకోవడం మేలు. కలిపే కట్టాలంటే గట్టివాటిని పల్చగా, మెత్తనివాటిని పెద్దగా తరగాలి.

నీటి లెక్క కూడా చూసుకోవాలి. పుట్టగొడుగులకు, గుమ్మడికి విడిగా నీరు అక్కరలేదు. దుంపకు, క్యారెట్‌కు రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తేనే అడుగు మాడే లోపు ఆవిరి పుడుతుంది. నూనె ఎంత పోసినా ఆవిరి రాదు. వెన్నలో పదహారు శాతం దాకా నీరు ఉంటుంది కాబట్టి కొంత సాయపడుతుంది, కానీ అందులోని పాల పదార్థం అడుగున త్వరగా నల్లబడుతుంది. నెయ్యి నల్లబడదు, కానీ అందులో నీరూ లేదు. నెయ్యికి రెండు చెంచాల నీళ్లు తోడు చేస్తే రెండు చిక్కులూ తీరతాయి. కొందరు నీటికి బదులు ఒక మంచు ముక్క వేయమంటారు. అది కరగడానికే బోలెడు వేడి మింగేస్తుంది. నీళ్ల సీసా చేతిలోనే ఉండగా ఆ ముచ్చట ఎందుకో నాకు అర్థం కాదు.

మసాలా విషయంలో తెలుగువాళ్లం ప్రత్యేకంగా దెబ్బతింటాం. మన రుచికి పునాది తాలింపు. ఆవాలు చిటపటలాడాలన్నా, మినప్పప్పు ఎర్రబడాలన్నా, కారం పచ్చివాసన పోవాలన్నా కాగిన నూనె కావాలి. వంద డిగ్రీల ఆవిరిలో అవేవీ జరగవు. పొట్లంలో వేసిన ఆవాలు నానిన ఆవాలుగానే బయటికి వస్తాయి, పచ్చి ధనియాల పొడి పచ్చిగానే ఉంటుంది. కాబట్టి ఇంట్లోనే వేయించి కొట్టిన కూరపొడి, కరివేపాకు పొడి, వెల్లుల్లి కారం లాంటివి తీసుకెళ్లి, పొట్లం విప్పాక చల్లాలి. లేదా చిన్న గరిటెలో నిప్పుల మీదే తాలింపు పెట్టి పైన పోయాలి. ఇంగువ వాసన పక్క గుడారం దాకా పోతుంది, పలకరింపులకు సిద్ధంగా ఉండాలి.

కట్టే పద్ధతి మనకు కిరాణా కొట్లో పొట్లాలు కట్టిన రోజుల నుంచీ తెలిసిందే. మూరెడు పొడవు ముక్క తీసుకుని, మధ్యలో కూరను కుప్పగా కాక పల్చని పరుపులా పరచాలి. పొడుగు అంచులు రెండూ పైకి లేపి కలిపి, రెండు మూడు మడతలు కిందికి మడవాలి. తర్వాత రెండు కొసలూ మడిచి పైకి తిప్పాలి. కూరకూ మడతకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండాలి, ఆవిరి తిరగడానికి. మడత పైవైపే ఉంచాలి. తిరగేయకూడదు, రసం కారి నిప్పుల్లో పడుతుంది. పొట్లాన్ని పట్టుకారుతో అటూ ఇటూ జరుపుతూ ఉంటే చాలు.

ఎర్రని రంగు కావాలంటే చివరి మజిలీలో మూత తీయాలి. మెత్తబడిందని పుల్ల చెప్పాక మడతలు విప్పి, ఫాయిల్‌ను పళ్లెంలా తెరిచి, చిక్కని నిప్పుల వైపు జరిపి ఏడెనిమిది నిమిషాలు వదిలేయాలి. నీరు ఎగిరిపోతుంది, నూనె మిగులుతుంది, పెనం వేపుడు మొదలవుతుంది. ఇది మన వేపుడు పద్ధతే: మూత పెట్టి మగ్గనిచ్చి, మూత తీసి వేయించడం.

అల్యూమినియం కూరలో కలుస్తుందా

ఈ ప్రశ్న దగ్గర భయమూ ఉంది, నిర్లక్ష్యమూ ఉంది. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే అతి పల్చని ఆక్సైడు పొర కట్టుకుంటుంది. ఆ పొరే కవచం. పులుపు, ఉప్పు రెండూ కలిసి దాడి చేస్తే ఆ కవచం కరుగుతుంది, వేడి ఆ పనిని వేగిరపరుస్తుంది. ప్రయాణానికి పులిహోరను ఫాయిల్‌లో కట్టుకున్నవాళ్లలో కొందరికి అనుభవమే: సాయంత్రానికి రేకు మీద బూడిదరంగు మచ్చలు, వెలుగుకు పట్టి చూస్తే సూదిమొన చిల్లులు. అలా మాయమైన లోహం పులిహోరలోకే వెళ్లింది.

వెళ్లినదంతా ఒంట్లో ఉండిపోదు. తిన్నదాంట్లో చాలా చిన్న భాగమే పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది, దాన్ని కూడా మూత్రపిండాలు బయటికి పంపుతాయి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2008లో పెట్టిన పరిమితి వారానికి కిలో శరీర బరువుకు ఒక మిల్లీగ్రాము. ఆహార సంకలితాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల సంఘం 2011లో రెండు మిల్లీగ్రాములు అంది. ఏడాదికి మూడుసార్లు క్యాంపుకు వెళ్లి పొట్లంలో బీన్సు తినేవారు దీని గురించి నిద్ర పాడుచేసుకోవలసిన పని లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి సంగతి వేరు, వాళ్లకు ఈ లోహం బయటికి పోయే దారి ఇరుకు. పుల్లని, ఉప్పని పదార్థాలను అల్యూమినియానికి తగలనివ్వవద్దని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ ఇచ్చే సలహా మాత్రం తేలికగా పాటించదగినది. ఇత్తడి గిన్నెకు కళాయి పూయించనిదే పులుసు కాచని ఇళ్లు మనవి, పులుసును రాచ్చిప్పలో పెట్టిన వంటశాలలు మనవి. లోహానికీ పులుపుకూ పడదన్న సంగతి మనకు కొత్త కాదు.

ఉపాయం కూడా పాతదే. ఫాయిల్ లోపల ఒక అరటాకు ముక్క పరవడం. అమెరికాలోని భారతీయ, ఆసియా దుకాణాల్లో గడ్డకట్టించిన అరటాకులు దొరుకుతాయి. బేకింగ్ కాగితమైనా సరే. అప్పుడు పులుపు లోహాన్ని తాకదు, అడుగు కూడా నెమ్మదిగా వేడెక్కుతుంది. నిజానికి ఫాయిల్ ఈ కథలో ఆఖరున వచ్చిన పాత్ర. చేపలతో చేసే బెంగాలీల పాతూరి, పార్సీల పాత్రానీ మచ్ఛీ ఆకు పొట్లాలే. ఫ్రెంచివాళ్లు కాగితంలో చుట్టారు. మారేడుమిల్లి, అరకు దారుల్లో బొంగు చికెన్ తిన్నవారికి తెలుసు: పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన మాంసం కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద పెడతారు. వెదురు తడే ఆవిరి, గొట్టమే పొట్లం. అల్యూమినియం రేకు 1910 ప్రాంతంలో స్విట్జర్లాండులో మొదలై, మరుసటి ఏడాది టోబ్లరోన్ చాక్లెట్ మీదికెక్కి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో రేనాల్డ్స్ కంపెనీ ఫాయిల్ చుట్టగా అమెరికా వంటింట్లోకి వచ్చింది. పెరట్లో గ్రిల్ పెట్టుకునే అలవాటు అక్కడ పెరిగిందీ ఆ కాలంలోనే.

మిగిలిన పొట్లం ప్రమాదం

అల్యూమినియం గురించి అడిగేవాళ్లు వందమంది ఉంటే దీని గురించి అడిగేవారు ఒక్కరూ కనబడరు. అసలు జాగ్రత్తపడవలసింది ఇక్కడ. 1994లో టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసోలో ఒక రెస్టరెంటులో తిన్న 30 మందికి బొటులిజం, అంటే ఒక సూక్ష్మజీవి తయారుచేసే విషం వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు, సోకింది. కారణం ఫాయిల్‌లో చుట్టి కాల్చి, ఆ ఫాయిల్‌తోనే బయట రోజుల తరబడి ఉంచేసిన బంగాళదుంపలు. వాటితో చేసిన పచ్చడి లాంటి వంటకంలో విషం తయారైంది.

మట్టిలో ఉండే ఈ సూక్ష్మజీవి విత్తనాల్లాంటి బీజాలు దుంప తొక్క మీద ఉంటాయి. వంద డిగ్రీల ఆవిరికి అవి చావవు. చావాలంటే కుక్కర్ స్థాయి, 121 డిగ్రీలు కావాలి. ఉడికిన దుంప చల్లారుతున్నప్పుడు ఫాయిల్ లోపల గాలి ఆడదు, తడి ఉంటుంది, పులుపు ఉండదు, గోరువెచ్చగా ఉంటుంది. ఆ జీవికి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు. వాసనలో, రంగులో తేడా తెలియకపోవచ్చు కూడా. అందుకే పొట్లం దించగానే విప్పేయాలి, వేడిగా తినేయాలి. మిగిలితే ఫాయిల్ తీసేసి, రెండు గంటల లోపు మంచు పెట్టెలోకి చేర్చాలి. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున ఆ గడువు గంటే. రాత్రి పొట్లాన్ని చల్లారిన నిప్పుల పక్కన వదిలేసి ఉదయం టిఫినుకు విప్పే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి.

పార్కుల్లో ఇంకో కారణం కూడా ఉంది. నల్ల ఎలుగుబంట్లకు మన ముక్కు కన్నా ఎన్నో రెట్లు పదునైన ముక్కు. నెయ్యి అంటిన ఫాయిల్ వాటికి ఆహ్వాన పత్రిక. తిండి, చెత్త, వాసన వచ్చేవన్నీ ఇనుప పెట్టెల్లో తాళం వేయాలన్నది అక్కడి నియమం. తిన్నాక ఫాయిల్‌ను నిప్పుల్లోకి విసిరితే కాలిపోతుందనుకునేవారు చాలామంది. అది కాగితం కాదు, కాలదు. చిట్లి, ముక్కలై బూడిదలో కలిసి ఉంటుంది. మా నిప్పుగుంటలో మాకంటే ముందు దిగినవాళ్ల వంటల ఆనవాళ్లు గుప్పెడు దొరికాయి.

రెండో రాత్రి మళ్లీ బంగాళదుంపే పెట్టాం, పంతానికి. వెలుగు ఉండగానే మా వదిన పావు అంగుళం చక్రాలు తరిగింది. నిమ్మకాయలు సంచిలోనే ఉంచింది. అడుగున అరటాకు లేదు కాబట్టి క్యాబేజీ పై ఆకులు రెండు పరిచాం, మాడితే అవే మాడతాయని. నెయ్యి, ఉప్పు, రెండు చెంచాల నీళ్లు. కట్టెలు బూడిద కట్టేదాకా గంట సేపు పిల్లలకు కథలు చెప్పాల్సి వచ్చింది. యాభై అయిదు నిమిషాలకు పుల్ల దిగింది. విప్పి, మరో పది నిమిషాలు నిప్పుల మీద వదిలాక అంచులు ఎర్రబడ్డాయి. వెల్లుల్లి కారం చల్లి, అప్పుడు నిమ్మకాయ పిండాం. క్యాబేజీ ఆకులు నల్లగా మాడాయి. వాటిని పారేయబోతుంటే మా పెద్దవాడు అంచులు తుంచుకుని తిని, రేపు ఇవి మాత్రమే కాల్చమన్నాడు.